మస్టరు పడ్డ గోలీలు

తంబాకు డబ్బాను రాజక్క మంచం మీద బోర్లించింది. గలగలమంటూ గోలీలు రాలాయి. తెల్లవి, గుండ్రటివి, చిన్నవి. రెండు మూడు దొర్లుకుంటూ పోయి మనుమరాలు అమూల్య కాళ్ల దగ్గర ఆగాయి.

"గివేంది?" అన్నది రాజక్క.

బుచ్చిరాములు భార్య ముఖం చూడకుండా కూలర్ వైపు చూశాడు. లేచి వెళ్లి అందులో నీళ్లున్నాయో లేదో చూసి వచ్చాడు. నిండుగా ఉన్నాయి. వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"నిన్నే అడుగుతున్న."

"గోలీలు."

"గోలీలని నాకు ఎర్కే. నీ నోట్లకు పోవాల్సిన బీపీ గోలీలు తంబాకు డబ్బల ఎందుకున్నయి?"

ఎండ ఎక్కకముందే రేకుల మీద కప్పిన గడ్డిని తడుపుదామని రాజక్క పొద్దున్నే స్టూలు ఎక్కింది. దూలం సందులో డబ్బా చేతికి తగిలింది. తంబాకు మానేసి తొమ్మిదేండ్లయిన మనిషి డబ్బా ఎందుకు దాచుకున్నాడా అని మూత తీసింది.

"దొంగతనంగ తంబాకు మొదలువెట్టినవనుకున్న. గదైనా బాగుండు," అన్నది. "పోయిన ఐతారం నల్లాకాడ కండ్లు తిరిగి వడితివి. నలుగురు మోసుకొచ్చిరి. సిస్టరమ్మ వచ్చి, అవ్వా, రోజూ గోలి మింగుతుండా అని అడిగింది. నేనే చెప్పిన. మింగుతుండమ్మా, మస్టర్ పడుతున్నది, గోడకు సూడు అని చెప్పిన. నా నోటితోని చెప్పిన."

అందరి కళ్లూ గోడ మీదికి వెళ్లాయి.

తలుపు పక్కన ఒక చెక్క పలక, దానికి రెండు మేకులు. పై మేకు దగ్గర 'ఇంటికాడ' అని, కింది మేకు దగ్గర 'దిగిండు' అని నీలం రంగుతో రాసి ఉంది. ఆయన పనిచేసిన బొగ్గు బాయి ముందు, దిగేవాళ్లు దీపాలు తీసుకుని బిల్లలు తగిలించే ల్యాంప్ రూమ్‌లో ఎట్లా ఉంటుందో అట్లాగే బుచ్చిరాములు తన చేత్తో చేసుకున్న పలక అది. నిరుడు బీపీ ఉన్నదని తేలిన మర్నాడే చేశాడు. పొద్దున గోలి మింగగానే తన పాత ఇత్తడి బిల్లను, నాలుగు వందల పదిహేడో నంబరుదాన్ని, పై మేకు నుంచి తీసి కింది మేకుకు తగిలించాలి; అదే ఆ రోజు మస్టరు, హాజరు. రాత్రికి రాజక్క దాన్ని మళ్లీ పైకి మారుస్తుంది.

ఈరోజు కూడా బిల్ల కింది మేకుకే వేలాడుతున్నది.

అమూల్య వంగి కాళ్ల దగ్గరి గోలీలు ఏరింది. మంచం మీద ఉన్నవాటితో కలిపి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. ఈ నెల ఇరవై ఒకటో తారీఖు.

"తాతా," అన్నది నెమ్మదిగా. "మస్టర్ పడి పని ఎగ్గొట్టినవా?"

ముసలాయన ముఖం మాడిపోయింది. బాయిలో ఆ మాట కన్నా పెద్ద తిట్టు లేదు. బిల్ల తగిలించి హాజరు వేయించుకుని, లోపల ఏ మూలనో నడుం వాల్చేవాళ్లను ఆయన ముప్పై ఎనిమిదేండ్లు నిలబెట్టి కడిగాడు.

"నా సర్వీసుల ఒక్కనాడు గట్ల చెయ్యలే," అన్నాడు.

"గందుకే రిటైరైనంక మొదలువెట్టినవు. కోటా మిగిలిపోయింది గదా," అన్నది రాజక్క.

అమూల్యకు నవ్వు ఆగలేదు. బాపమ్మ రాజక్క చూసిన చూపుకు చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నన్నొక్క మాట చెప్పనిస్తరా?" అన్నాడు బుచ్చిరాములు. "పోయిన నెలాఖరుకు గోలి మింగి మంచం దిగిన. లేస్తనే కండ్లు తిరిగినయి. గోడ పట్టుకొని నిలవడ్డ. మీకు చెప్తే పరేషాన్ అయితరని చెప్పలే. ఆలోచన చేసిన. ఎండలకు బీపీ దిగుతదని టీవీల చెప్పిండ్రు. గోలి ఇంకింత దించుతది. రెండు కలిసి నన్ను దించితే, సోమారం నాడు నేను నిలవడేదెట్ల?"

సోమవారం అనే మాట వినగానే ముగ్గురి చూపూ పలక పక్కకు మళ్లింది.

పలక పక్కనే మేకుకు ఒక తోలు బెల్టు వేలాడుతున్నది. నడుముకు దీపం బ్యాటరీ కట్టుకునే బెల్టు. బుచ్చిరాములు మొదటిసారి బాయి దిగిన రోజు, బాయి దగ్గరి మైసమ్మ గద్దె ముందు నిలబెట్టి వాళ్ల బాపు దాన్ని కట్టాడు. కొడుకు సుధాకర్‌కు కట్టాలనుకున్నాడు, కొడుక్కి బాయిలో నౌకరి రాలేదు. ఇచ్చోడ దగ్గర లారీ నడుపుకుంటున్నాడు. ఆ బెల్టు అట్లాగే మేకుకు ఉండిపోయింది. ఏటా దసరాకు దానికి నూనె రాయడం మాత్రం ముసలాయన మానలేదు.

ఇప్పుడు సుధాకర్ బిడ్డ అమూల్య మైనింగ్ డిప్లొమా చదివి, పరీక్ష రాసి, మందమర్రిలోనే బాయి ట్రైనీ అయింది. సోమవారం రెండో షిఫ్టుకు మొదటిసారి దిగుతుంది. అంటే మధ్యాహ్నం రెండింటికల్లా మైసమ్మ దగ్గర ఉండాలి. ఆ రోజు నుంచే రోహిణి కార్తె.

"బెల్టు కట్టాలంటే నువ్వు మంచిగుండాలె గదయ్యా," అన్నది రాజక్క. ఆమె గొంతు ఈసారి చిన్నగా వచ్చింది.



బయట స్కూటీ ఆగింది. బస్తీ దవాఖాన నర్సు జ్యోతిరాణి గొడుగు ముడుస్తూ లోపలికి వచ్చింది. చేతిలో బీపీ మిషన్ సంచి, ఇంకో చేతిలో కొత్త గోలీల చీటీ.

"రాములు బాపూ, ఎట్లున్నవు? డాక్టర్ సారు తోని మాట్లాడిన. రోజూ మింగుతున్నా దిగుతలేదంటే డోసు పెంచుదమన్నడు. ఇగో..."

రాజక్క మాట్లాడకుండా మంచం వైపు చెయ్యి చూపించింది.

జ్యోతిరాణి గోలీలను చూసింది. పలకను చూసింది. ముసలాయనను చూసింది. చీటీ మడిచి జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"బాపూ, ఇయ్యాల నేను డబుల్ గోలీలు ఇచ్చిపోయేదాన్ని. రేపో ఎల్లుండో నీకు మనసు వడి నిజంగనే మింగినవనుకో. గీ ఎండల. ఒక్కసారే. ఏమయ్యేది?"

కూలర్ ఒక్కటే గడగడమంటున్నది.

"దొంగ మస్టర్ చూసి మందు పెంచితిమి అంటే, మనమే మనిషిని పడగొట్టినట్టు," అన్నది జ్యోతిరాణి.

బుచ్చిరాములు తల దించుకున్నాడు. రాజక్క తిట్టినప్పుడు రాని సిగ్గు ఇప్పుడు వచ్చింది.

"తప్పయింది బిడ్డా," అన్నాడు.

"సరే. ముందుగాల కొలుద్దం. కుర్చీల కూసో. వీపు ఆనించు. కాళ్లు కింద వెట్టు, ఒకదాని మీద ఒకటి వెయ్యకు. ఇగ అయిదు నిమిషాలు ఎవలూ మాట్లాడద్దు. మాట్లాడితే ఎక్కువ చూపిస్తది."

"నేను మాట్లాడితే ఆయనకెట్ల ఎక్కుతది?" అన్నది రాజక్క.

"నలభై అయిదేండ్ల సంది ఎక్కుతనే ఉన్నది," అన్నాడు బుచ్చిరాములు.

"ఇద్దరూ మూసుకోవాలె," అన్నది జ్యోతిరాణి, ఫోన్‌లో టైమ్ పెడుతూ.

ఆ ఇంట్లో పట్టపగలు అయిదు నిమిషాలు మాట లేకుండా గడిచి ఎన్నాళ్లయిందో.

మొదటి నిమిషం రాజక్క గడప మీద కూర్చుని కొంగుతో విసురుకుంది. రెండో నిమిషంలో లేచి వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు డబ్బా తెచ్చి, మొగుడి ముందు స్టూలు మీద చప్పుడు కాకుండా పెట్టింది.

ముసలాయన కళ్లు ఉప్పు డబ్బా మీద పడ్డాయి. నోరు తెరవబోయాడు. జ్యోతిరాణి వేలు చూపించింది. మూసుకున్నాడు.

రాజక్క మళ్లీ వెళ్లి గంజి చెంబు తెచ్చింది. ఉప్పు డబ్బా పక్కన పెట్టింది. చెంబును వేలితో చూపించి, పిడికెడు ఉప్పు తీసినట్టు, చెంబులో వేసినట్టు, కలిపినట్టు, ముసలాయన గటగటా తాగినట్టు చేసి చూపించింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అని రెండు వేళ్లు ఎత్తింది.

బుచ్చిరాములు తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు ఎత్తాడు.

రాజక్క రెండు వేళ్లనూ ఆయన ముక్కు దాకా తెచ్చింది.

అమూల్య గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

నాలుగో నిమిషంలో మామిడికాయ తొక్కు జాడీ వచ్చింది. ఈ నెలలోనే పెట్టిన కొత్త తొక్కు. జాడీ మూత తీసి, సగానికి దిగిన చోట రాజక్క వేలితో గీత గీసింది. ఆ వాసనకు ముసలాయన గుటక మింగాడు. జ్యోతిరాణి కూడా అటు తిరిగి నవ్వు ఆపుకుంది.

టైమ్ అయింది. మిషన్ పట్టీ చేతికి బిగిసి వదిలింది. రెండు నిమిషాలాగి మళ్లీ కొలిచింది.

"నూట అరవై నాలుగు, తొంభై ఎనిమిది," అన్నది జ్యోతిరాణి. "గంజి సంగతేంది బాపూ?"

ముసలాయనకు ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక కారణం దొరికింది.

"గది మా ఓవర్‌మన్ నేర్పిండు. ఎండకాలం ఉప్పు గంజి తాగకుండ ఎవన్నీ బాయి దిగనియ్యకపోయేది. చెమటల ఉప్పు పోతది, పోయిన ఉప్పు పోయినట్టు ఎయ్యాలె. లేకుంటే కాళ్లు చేతులు గుంజుకపోతయి. నా కండ్ల ముంగట ఎంతమంది పడ్డరో."

"నిజమే. అప్పుడు నువ్వు బొగ్గు తట్ట మోసేటోనివి. బనీను పిండితే ఎంత చెమట?"

"చెంబెడు," అన్నాడు ఆయన గర్వంగా.

"ఇప్పుడు కూలర్ ముంగట కూసుంటవు. బనీను పిండితే ఎంత?"

ముసలాయన తన బనీను అంచు పట్టుకుని చూసుకున్నాడు. పొడిగా ఉంది.

"చెమట బందయింది, ఉప్పు మాత్రం అప్పటి కొలతే," అన్నది రాజక్క.

జ్యోతిరాణి ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. డాక్టరుతో మాట్లాడుతున్నంతసేపూ బుచ్చిరాములు గుమ్మం వైపే చూశాడు. ఒకప్పుడు ప్రమోషన్ కాగితం కోసం ఆఫీసు బయట ఇట్లాగే కూర్చున్నాడు.

ఆమె లోపలికి వచ్చి చెప్పడం మొదలుపెట్టింది.

"సారు తిట్టిండు. నన్ను కూడ తిట్టిండు. ఇయ్యాలటి గోలి ఇప్పుడే మింగాలె. పాత గోలే, పెంచింది కాదు."

"డబ్బాలయి ఇరవై ఒకటి ఒక్కసారే మింగిపిద్దమనుకున్న," అన్నది రాజక్క.

"అవ్వా, గా పని ఎన్నడూ చెయ్యకు. పోయినయి పోయినయి. ఒక్కటంటే ఒక్కటే. డబ్బాలయి ఇగ పనికిరావు, రేకుల కింద ఉడికినయి." ముసలాయన వైపు తిరిగింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి, ఎండ రాకముందే దవాఖానకు రావాలె. లేస్తే కండ్లు తిరుగుతున్నయని గప్పుడే చెప్తే సారు డోసు సవరించేటోడట. ఎండకు బీపీ జర దిగుతదన్నది నిజమే. కానీ ఎంత దించాలె, ఎంత ఉంచాలె అన్నది ఆయన చూసుకుంటడు. నీ అంతట నువ్వు బంద్ చేసుడు కాదు."

"ఊఁ."

"మంచం మీంచి లేసేటప్పుడు ఒక్కసారే లేవద్దు. కూసొని, కాళ్లాడిచ్చి, జర ఆగి లేవాలె. దూప కాకున్నా నీళ్లు కొంచెం కొంచెం తాగుతనే ఉండాలె. నీకు గుండె, కిడ్నీ మంచిగనే ఉన్నయి కాబట్టి నీళ్లకు అడ్డం లేదన్నడు. పొద్దున పదకొండు నుంచి నాలుగు దాక బయటికి పోవద్దు. ఉప్పు గంజి బంద్. తొక్కు బంద్."

"తొక్కు బందా?"

గోలీలు దొరికిపోయినప్పుడు కూడా ఆయన గొంతు అట్లా వణకలేదు.

"అంతకు బదులు పల్చటి మజ్జిగ తాగు. ఉప్పు లేకుండ. నిమ్మకాయ పిండుకో."

"ఉప్పు లేని మజ్జిగ," అన్నాడు ఆయన, ఎవరో చనిపోయిన వార్త విన్నట్టు.

అడగాల్సిన మాట ఇంకొకటి మిగిలి ఉంది. అడగడానికి ముసలాయనకు ధైర్యం లేదు. చివరికి అమూల్యే అడిగింది.

"సిస్టర్, సోమారం?"

"గదీ అడిగిన. పదకొండు నుంచి నాలుగు దాక పోవద్దంటే, నువ్వేమో మొన్న తాతను రెండింటికి తీస్కపోతనంటివి." జ్యోతిరాణి కావాలనే కొంచెం ఆగింది. "మూడు దినాలు రోజూ రెండుసార్లు కొలవాలె. మంచిగుంటే పోనియ్యమన్నడు. ఎండల నడువద్దు, ఆటోల పోవాలె. ఆడ నీడ ఉన్నదా?"

"మైసమ్మ గద్దెకు షెడ్డున్నది. నీళ్ల క్యాను నేను పెట్టిపిస్త," అన్నది అమూల్య.

"కుర్చీ కూడ ఏపియ్యి. కూసొనే బెల్టు కట్టాలె."

"కూసొని కట్టుడేంది?" అన్నాడు బుచ్చిరాములు. "మా బాపు నిలవడి కట్టిండు."

"తాతా, బెల్టు కట్టేది నడుముకు. నువ్వు కూసుంటే నా నడుము నీ చేతులకే అందుతది. నిలవడితే వంగాలె. వంగితే మళ్ల కండ్లు తిరుగుతయి."

ముసలాయన ఆలోచించాడు. కూర్చున్న చోటి నుంచే రెండు చేతులు చాచి గాలిలో బెల్టు కట్టి చూశాడు. ముడి దగ్గరికి వచ్చేసరికి ముఖం వికసించింది.

"కూసొనే మంచిగ అందుతది గదనే," అన్నాడు.

రాజక్క గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అమూల్య అల్మారాలోని గోలీల పట్టీ నుంచి ఒకటి ఒత్తి తాత అరచేతిలో పెట్టింది. ముగ్గురు ఆడవాళ్లూ చుట్టూ నిలబడ్డారు. ఆయన మింగాడు.

"నోరు తెరువు," అన్నది రాజక్క.

తెరిచాడు.

"నాలిక లేపు."

"నేనేమన్న దొంగనా?"

"లేపు."

లేపాడు. రాజక్క వంగి చూసి, సరే అన్నట్టు తలూపింది. పలక దగ్గరికి వెళ్లి పొద్దున పడిన దొంగ మస్టరును తీసేసింది. బిల్లను పైకి తగిలించి, మళ్లీ తీసి కిందికి తగిలించింది. "ఇగ పడ్డది అసలు మస్టర్," అన్నది. జ్యోతిరాణి చప్పట్లు కొట్టింది. ముసలాయన కూడా నవ్వాడు. ఉప్పు డబ్బా, గంజి చెంబు, తొక్కు జాడీ ఇంకా ఆయన ముందే ఉన్నాయి. రాజక్క వాటిని ఒక్కొక్కటే తీసుకుపోతూ, జాడీ వంతు వచ్చేసరికి ఆయన చూపు చూసి, "నాదేం లేదు, సారు చెప్పిండు," అన్నది.

అమూల్య మాత్రం నవ్వడం లేదు. అల్మారా దగ్గరే గోలీల పట్టీలు పట్టుకుని నిలబడి ఉంది.

"తాతా, ఒకటో తారీఖు ఎన్ని తెచ్చినం?"

"ముప్పై. ఎప్పుడూ తెచ్చేటియే."

"డబ్బల ఇరవై ఒకటి. ఇప్పుడు మింగింది ఒకటి. ఎనిమిది మిగలాలె గదా."

"మిగలాలె."

ఆమె పట్టీలు ఎత్తి చూపింది. అన్నీ చిరిగి ఉన్నాయి. ఒక్క మూలన ఒకే ఒక్క గోలి.

"ఏడు తక్కువున్నయి."

"నేను మింగలే," అన్నాడు బుచ్చిరాములు వెంటనే. "మైసమ్మ తోడు. ఒక్కటి గూడ మింగలే."

"నువ్వు మింగలేదని నాకూ ఎర్కే." అమూల్య పలక వైపు చూసింది. "మొన్న ట్రైనింగుల ఒకటి చెప్పిండ్రు. షిఫ్టు అయిపోయినంక ల్యాంప్ రూమ్‌ల బిల్లలకు, దీపాలకు లెక్క తేలకపోతే ఏందన్నట్టు తాతా?"

ఆ ప్రశ్నకు ముసలాయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. ఈ జవాబు ఆయనకు నిద్రలో లేపినా వచ్చు.

"ఎవరో ఒకరు ఇంకా కిందనే ఉన్నరన్నట్టు. వాళ్లు పైకి వచ్చేదాక ఎవలూ ఇంటికి పోవద్దు."

చెప్పేశాక ఆయనకు అర్థమైంది. తొక్కు జాడీ చంకన పెట్టుకుని గోడవారగా నిలబడిన రాజక్క వైపు చూశాడు.

"పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నట్టున్నది," అన్నది రాజక్క.

పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

"అవ్వా," అన్నది జ్యోతిరాణి. "ఇటు రా."

రాజక్క రాలేదు. జాడీని రెండు చేతులతో పట్టుకుంది. "తల పలిగిపోయేది. తొక్కు పెట్టిన దినాలల్ల, పొయ్యి కాడ, మెడ నరాలు గుంజేటియి. ఆయన గోలీ గదా, తలకాయకే గదా అనుకొని ఒకటి మింగిన. తక్కువైనట్టనిపిచ్చింది. నొప్పి లేసిననాడు ఒకటి. రోజు కాదు."

"ఎన్ని దినాల సంది తల నొస్తున్నది?"

"నాకేమైతది. జీవితంల ఒక్క సూది ఎయ్యిచ్చుకోలే నేను."

"ఒక్కసారన్న కొలిపిచ్చుకున్నవా అవ్వా?"

రాజక్క జాడీ మూతను ఇంకోసారి గట్టిగా నొక్కింది.

బుచ్చిరాములు లేవబోయాడు. సగం లేచి, గుర్తొచ్చి, మళ్లీ కూర్చున్నాడు. కాళ్లు రెండుసార్లు ఆడించాడు. కాసేపు ఆగి అప్పుడు లేచాడు. మెల్లగా భార్య దగ్గరికి పోయి ఆమె చేతుల్లోంచి జాడీ తీసుకున్నాడు. భుజం పట్టుకుని తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"వీపు ఆనించు. కాళ్లు కింద వెట్టు," అన్నాడు. "ఇగ అయిదు నిమిషాలు మాట్లాడద్దు."

"నాకేం లేదంటున్న గదయ్యా."

"మాట్లాడద్దన్న."

రాజక్క నోరు మూసుకుంది.

ఈ అయిదు నిమిషాల్లో ఎవరూ ఎవరి ముందూ ఏదీ తెచ్చి పెట్టలేదు. బుచ్చిరాములు ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, కొంగు అంచుతో మెల్లగా విసిరాడు. రెండో నిమిషంలో రాజక్క కళ్లు మూసుకుంది. వాకిట్లో ఎండ గడప దాకా వచ్చి ఆగింది.

పట్టీ బిగిసింది. వదిలింది.

జ్యోతిరాణి మిషన్ మీది అంకెలు చూసింది. పైకి చదవలేదు.

"ఎంత?" అన్నాడు బుచ్చిరాములు.

"ఇంకోసారి కొలుద్దం బాపూ." ఆమె మిషన్‌ను మళ్లీ నొక్కి, రెండో చేత్తో ఫోన్ తీసింది.

రాజక్క కళ్లు తెరిచి మొగుడి ముఖంలోకి చూసింది. "సోమారం మైసమ్మ కాడికి ఎవలు పోతరయ్యా ఇగ?" అన్నది, మాట్లాడొద్దన్న సంగతి మరిచిపోయి.

ఆయన పలక దగ్గరికి నడిచాడు. తన రెండు మేకుల పక్కన ఉన్న ఖాళీ జాగాను జానతో కొలిచాడు. ఇంకో రెండు మేకులకు సరిపోతుంది.

"అమూల్యా," అన్నాడు. "సుత్తె ఏడున్నదే?"